బజర్‌బీటర్‌ల మూడు సీజన్ల ప్లాన్: పోరగాళ్లను పెంచుడా, రెడీమేడ్‌గ కొనుడా?

నకిరేకల్ నైట్స్:

అన్నలకు, అక్కలకు నమస్తే.

బజర్‌బీటర్‌ల (ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆట) నాది నాలుగో డివిజన్ టీం. ఎనిమిది టీంల కాన్ఫరెన్స్‌ల ప్రతి సీజన్ నాలుగో ప్లేసో, ఐదో ప్లేసో. ప్లేఆఫ్స్‌కి పోతే మొదటి రౌండ్లనే ఇంటికొస్తున్న. కిందికి పడుతలేను, మీదికి పోతలేను. మూడు సీజన్లల మూడో డివిజన్‌కి పోయి ఆడ నిలబడాలె. ఒక్క సీజన్ మెరిసి మళ్ల జారుడు వద్దు.

టీంల 14 మంది ఉన్నరు. సెంటర్ వయసు 30, వారానికి 41,000 జీతం, టీంల అందరికన్న ఆయనకే ఎక్కువ. పాయింట్ గార్డ్‌కి 31. షూటింగ్ గార్డ్‌కి 27, స్మాల్ ఫార్వర్డ్‌కి 26, ఈళ్లిద్దరు మంచిగనే ఆడుతరు. పోరగాళ్లు ముగ్గురు: 19 ఏళ్లోడు 190 సెంటీమీటర్లు, ఆల్‌స్టార్ పోటెన్షియల్ (ఎంత దాకా పెరుగుతడో ఆ హద్దు). 18 ఏళ్లోడు 206 సెంటీమీటర్లు, పెరెనియల్ ఆల్‌స్టార్. 20 ఏళ్లోడు 198, స్టార్టర్ పోటెన్షియల్.

వారానికి ఆదాయం సుమారు 2,10,000. ప్లేయర్ల జీతాలు 1,62,000, స్టాఫ్‌కి 31,000. చేతిల 6,40,000 ఉన్నయి.

ట్రైనింగ్ వారం వారం మారుస్తున్న. ఒక వారం రీబౌండింగ్, ఇంకో వారం ప్రెషర్ (బయటి డిఫెన్స్ ట్రైనింగ్), మళ్ల జంప్ షాట్. ఎవ్వడు పెద్దగ పెరిగినట్టు కనపడుతలేదు. ముసలోళ్లను అమ్మి పోరగాళ్ల మీద పడాలెనా, లేకపోతే ఉన్న పైసలతోని ఇద్దరు తయారైన ప్లేయర్లను కొని ఈ సీజనే కొట్లాడాలెనా? అరీనా కూడా పెంచాలె అంటున్నరు. ముందు ఏది?

---

పాలమూరు పాయింట్‌గార్డ్:

తమ్మీ, జీతాలు రాసినవ్, ఎత్తులు రాసినవ్, పోటెన్షియల్ రాసినవ్. నిమిషాలు రాయలే. ఈ ఆటల పైసలకన్న ముందు కరువొచ్చేది నిమిషాలకే.

శుక్రవారం ట్రైనింగ్ అప్‌డేట్ పడుతది కదా. దానికి ముందు వారంల నీకు మూడు మ్యాచులు: శనివారం, మంగళవారం లీగ్, వారం నడుమ, మంగళవారం అయినంక, కప్పో ఫ్రెండ్లీనో ఒకటి. మ్యాచ్‌కి 48 నిమిషాలు. అంటే ఒక పొజిషన్‌కి వారానికి 144 నిమిషాలు. ఒక ప్లేయర్‌కి పూర్తి ట్రైనింగ్ రావాలంటే ఆ పొజిషన్ల 48 నిమిషాలు ఆడాలె. అంతకు తక్కువైతే ఆ లెక్కనే తగ్గుతది, ఎక్కువ ఆడితే అదనంగ వచ్చేదేం లేదు. కాబట్టి సింగిల్ పొజిషన్ ట్రైనింగ్ పెడితే ముగ్గురు, రెండు పొజిషన్లు పెడితే ఆరుగురు. ఆరుగురికి పంచితే ఒక్కొక్కని వేగం తగ్గుతది. టీం మొత్తానికి పెడితే ఇంక నెమ్మది.

నీ పోరగాళ్లు ఎందుకు పెరుగుతలేరో ఇక్కడనే తెలుస్తది. ట్రైనింగ్ మార్చినందుకు పాతది పోదు. లెవెల్ కనపడకున్నా సగం, పావు లోపల జమ అయ్యే ఉంటది, మళ్ల అదే ట్రైనింగ్ పెట్టినప్పుడు ఆడికెల్లే మొదలైతది. నష్టం వేరే తాన ఉన్నది. రీబౌండింగ్ పెట్టిన వారం సెంటర్ పొజిషన్ల ఆడింది ఎవడు? 41,000 జీతం తీస్కునే 30 ఏళ్లాయన. ప్రెషర్ పెట్టిన వారం పాయింట్ గార్డ్‌ల ఆడింది 31 ఏళ్లాయన. నీ ట్రైనర్ జీతం ముసలోళ్ల ట్యూషన్ ఫీజయ్యింది. ఆ వయసుల ఎక్కే స్కిల్ ఎంతనో నీకే తెల్సు.

ఇంకొక మాట. ట్రైనింగ్ చూసేది ప్లేయర్ పేరు పక్కన రాసిన పొజిషన్ కాదు, మ్యాచ్‌ల ఏ పొజిషన్ల నిలబడ్డడో అది. 206 సెంటీమీటర్లోణ్ణి పాయింట్ గార్డ్‌ల ఆడిస్తే గార్డ్ ట్రైనింగే వస్తది. మ్యాచ్ ఓడిపోతవ్, అది వేరే సంగతి.

లైనప్ ఇట్ల పెట్టాలె. పెంచేటోని పేరు స్టార్టర్‌ల పెట్టి, ఆ పొజిషన్‌కి బ్యాకప్, రిజర్వ్ గడుల్ల వేరే మనిషిని పెట్టొద్దు. సబ్‌స్టిట్యూషన్ ఆప్షన్‌ల డెప్త్ చార్ట్‌నే (ఎవరి తర్వాత ఎవరు దిగాలె అనే లిస్ట్) కచ్చితంగ పాటించమని పెట్టు, కోచ్ ఇష్టానికి వదిలితే 34 నిమిషాలకే కూసోబెడుతడు. అయినా ఫౌళ్లతోని పరేషానే. ఆరు ఫౌళ్లు పడి 41వ నిమిషంల బయటికొచ్చిండనుకో, ఇంక 7 నిమిషాలు బాకీ. అందుకే పెంచేటోళ్లను శనివారం, మంగళవారం ముందుగాల వాడుకో, నడుమ ఫ్రెండ్లీని బాకీలు తీర్చేటందుకు ఉంచుకో. వారం ఆఖరి మ్యాచ్‌ల 48 ఆడించి, ఆడ ఫౌళ్లు పడితే సరిచేసేటందుకు ఇంకో మ్యాచ్ ఉండదు.

ఇగ నీ టీం సంగతి. గార్డులను పెంచు. నాలుగో డివిజన్‌ల గార్డు ట్రైనింగ్ చేస్తే మ్యాచ్‌ల దెబ్బ తక్కువ, పోరగాళ్లు వాళ్ల సొంత పొజిషన్లనే ఆడుతరు కాబట్టి. 190 సెంటీమీటర్లోడు నీ తాననే ఉన్నడు. ఇట్లాంటోళ్లనే ఇంకో ఇద్దరు ముగ్గురిని తెచ్చుకో: 18 లేదా 19 ఏళ్లు, 183 నుంచి 196 సెంటీమీటర్ల నడుమ, ఆల్‌స్టార్‌కి తక్కువ వద్దు. పొట్టోళ్లకు బయటి స్కిల్స్ తొందరగ ఎక్కుతయి, పొడుగోళ్లకు లోపటి స్కిల్స్ తొందరగ ఎక్కుతయి. వయసు పెరిగేకొద్ది అందరికీ నెమ్మదే. ఎంవీపీ, హాల్ ఆఫ్ ఫేమ్ పోటెన్షియల్ అని ఆశపడకు. నేషనల్ టీం కోసం పెంచేటోళ్లు వాటి మీద పైసలు కుమ్మరిస్తరు, నీ 6,40,000 ఆడ ఒక్కనికే సరిపోదు. మూడు సీజన్లల నువ్వు ఆ పోటెన్షియల్‌ని ముట్టేది కూడా లేదు.

198 సెంటీమీటర్ల 20 ఏళ్లోణ్ణి అమ్ము. స్టార్టర్ పోటెన్షియల్ అంటే తొందరగ గోడకు తగుల్తడు, తగిలినంక నువ్వు ఇచ్చే నిమిషాలు సగానికి సగం వృథా. 206 సెంటీమీటర్లోణ్ణి కూడా అమ్మమనే అంట, గార్డుల గుంపుల ఆయన ఒక్కడే వేరే జాతి.

---

దేవరకొండ డబుల్‌టీం:

నిమిషాల లెక్క కరెక్ట్, 206 సెంటీమీటర్లోణ్ణి అమ్ముమనుడు తప్పు.

పెరెనియల్ ఆల్‌స్టార్, 18 ఏళ్లు, 206. ఇది సెంటర్ కాదు, రేపటి స్మాల్ ఫార్వర్డో, చెయ్యి తిరిగిన పవర్ ఫార్వర్డో. సెంటర్ల జీతం ఎందుకు మీదికి పోతది? ఇన్‌సైడ్ షాట్, ఇన్‌సైడ్ డిఫెన్స్, రీబౌండింగ్ మూడు కలిసి ఎక్కితే జీతం గుర్రం లెక్క ఉరుకుతది. అదే పొడుగోనికి లోపటి స్కిల్స్ ఓ మోస్తరుగ ఉంచి ఔట్‌సైడ్ డిఫెన్స్, హ్యాండ్లింగ్, పాసింగ్, జంప్ షాట్ కొద్దికొద్దిగ ఎక్కిస్తే జీతం అంత పెరగదు, కోర్టుల పని మాత్రం పెరుగుతది. గార్డులకు కూడా ఇదే లెక్క తిరగేసి చూస్కో. గార్డుకి ఇన్‌సైడ్ షాట్ 5-6 దాకా ఉంటే జీతంల తేడా దాదాపు కనపడదు, లుక్ ఇన్‌సైడ్ (లోపటి నుంచి కొట్టే ఆట) ఆడేటప్పుడు ఆ తేడా తెలుస్తది.

వన్ ఆన్ వన్ ట్రైనింగ్‌కి రెండు రకాలున్నయి: ఒకటి గార్డులకు, ఒకటి ఫార్వర్డ్‌లకు. రెండూ రెండు పొజిషన్లయే. హ్యాండ్లింగ్, డ్రైవింగ్ రెండు ఒకేసారి కదులుతయి, జంప్ షాట్ కూడా కొంచెం కదులుతది. పొడుగోణ్ణి స్మాల్ ఫార్వర్డ్‌ల పెట్టి ఫార్వర్డ్‌ల వన్ ఆన్ వన్ ఒక సీజన్ నడిపిస్తే తర్వాత మస్తు తేలిక.

ఇంకొకటి, ఆరుగురిని పెంచుడు పేపర్ మీద మంచిగ ఉంటది. ఆరుగురు 18 ఏళ్లోళ్లు లీగ్ మ్యాచ్‌ల సగం నిమిషాలు తింటే ఐదో ప్లేస్ కాదు, ఏడో ప్లేస్. ఆరు, ఏడు ప్లేసుల్ల ఉన్నోళ్లు రిలిగేషన్ సిరీస్ ఆడాలె, ఎనిమిదోడు సీదా కిందికే. ముగ్గురిని గట్టిగ పెంచు, అంతే.

---

పాలమూరు పాయింట్‌గార్డ్:

ముగ్గురికీ ఆరుగురికీ నడుమ నాలుగు అనే అంకె ఉన్నది కాకా.

రెండు పొజిషన్లంటే 288 నిమిషాలు. నలుగురికి 192. మిగిలిన 96 నిమిషాలు సీనియర్ గార్డులకు, బాకీలకు. శనివారం ఇద్దరు పోరలు, మంగళవారం ఒక పోరడు ఒక సీనియర్, ఫ్రెండ్లీల ఒక పోరడు, ఇంకొకడు నిమిషాలు బాకీ ఉన్నోడు. కష్టమైన టీం ఏ రోజు పడుతదో చూసి ఆ రోజు సీనియర్‌ని దింపు. సీనియర్లకు కూడా ఈ పద్ధతే మంచిది. గేమ్ షేప్ (ఆడే ఫిట్‌నెస్) మంచిగ ఉండాలంటే ఒక్కొక్కడు వారానికి సుమారు 50 నుంచి 75 నిమిషాల నడుమ ఆడాలె. మంచి ప్లేయర్‌ని మూడు మ్యాచులు అరగదీస్తే రెండు మూడు వారాలల్ల షేప్ పడిపోతది. అప్పుడు స్కిల్ ఎంత ఉన్నా కోర్టుల అంత కనపడదు. శనివారం 34, మంగళవారం 32, నడుమ మ్యాచ్‌ల విశ్రాంతి. ఇట్ల పోతే సరిపోతది.

ఫార్వర్డ్‌ల వన్ ఆన్ వన్ మాట మంచిదే గాని, ఒకే వారంల గార్డుల ట్రైనింగ్, ఫార్వర్డ్‌ల ట్రైనింగ్ రెండూ పెట్టరాదు కదా. ఆ పొడుగోని కోసం ఒక సీజన్ ఇస్తే గార్డులకు ఆ సీజన్ పోయినట్టే. ఆ ఒక్కణ్ణి పెంచాలె, లేకపోతే నలుగురు గార్డులను. ఆ లెక్క తమ్మీయే చేస్కోవాలె.

---

గద్వాల గల్లాపెట్టె:

మిర్చి దుకాణం లెక్క ట్రాన్స్‌ఫర్ మార్కెట్‌ను కూడా రోజూ చూస్తే గాని ధర తెలియదు. అందుకని నేను ట్రైనింగ్ జోలికి పోను, పైసల గురించి మాత్రమే రాస్తున్నాను.

నీ లెక్క ప్రకారం వారానికి మిగిలేది 17,000. సీజన్‌కి 14 వారాలు, అంటే 2,38,000. ఇంతతో ఎదుగుదల సాధ్యం కాదు. కానీ సెంటర్ ఒక్కడి జీతమే 14 వారాలకు 5,74,000. ఆయన 30 ఏళ్లవాడు. వచ్చే సీజన్ 31. ఈ వయసు నుంచి ప్రతి సీజన్ మారేసరికి కొనేవాళ్లు తగ్గుతారు, కొన్నాళ్లకు స్కిల్స్ కూడా జారటం మొదలవుతుంది. అమ్మేదుంటే ఇప్పుడే అమ్మాలి, 31 పడ్డాక కాదు. దాదాపు అదే స్థాయిలో 26-27 ఏళ్ల సెంటర్‌ని 25,000 జీతంలో వెతకండి. ఇన్‌సైడ్ డిఫెన్స్, రీబౌండింగ్ గట్టిగా ఉండి ఇన్‌సైడ్ షాట్ తక్కువ ఉన్నవాడు దొరికితే చాలు. వారానికి 16,000 మిగులు, నీ మిగులు దాదాపు రెట్టింపు.

జీతాలు సీజన్ మారేటప్పుడే తిరిగి లెక్క కడతారు. నడి సీజన్‌లో స్కిల్ పెరిగినా జీతం పాతదే. ఇది పోరగాళ్లను పెంచేవాళ్లకు లాభం, ఎందుకంటే 14 వారాల పెరుగుదల పాత జీతంలోనే వాడుకోవచ్చు. కానీ సీజన్ మారిన వారం చాలామంది దిమ్మెరపోతారు. నలుగురి జీతాలు ఒకేసారి ఎక్కుతాయి. అందుకని ఆఖరు నాలుగు వారాల్లో ప్రతి పోరగాడి స్కిల్స్‌తో పోల్చదగిన ప్లేయర్లను మార్కెట్‌లో చూసి, వాళ్ల జీతం ఎంతుందో రాసుకోండి. మీవాళ్లు ఎక్కడికి పోతారో అంచనా వస్తుంది. దాన్ని బట్టి ఎవరిని పంపాలో ముందే తెలుస్తుంది.

కొన్నవాణ్ణి కొద్ది వారాల్లోనే తిరిగి అమ్మితే అమ్మిన ధర మొత్తం చేతికి రాదు. ఎంత తొందరగా అమ్మితే అంత కోత. కాబట్టి పోరగాళ్లను కొనేటప్పుడే "వీడు కనీసం రెండు సీజన్లు నాతో ఉంటాడా?" అని చూసుకోండి.

వేలం గురించి ఒక సంగతి. గడువు ఆఖరు మూడు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మళ్లీ పొడుగవుతుంది, కాబట్టి చివరి క్షణంలో దూరి దక్కించుకుందామనేది కుదరదు. మనకు పనికొచ్చేది గడియారం. ఈ ఆటలో స్పెయిన్, ఇటలీ వాళ్లు ఎక్కువ. మన ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా వాళ్లకు అర్ధరాత్రి దాటి తెల్లారుజాము. ఆ వేళల్లో గడువు పడే 18-19 ఏళ్ల పోరగాళ్లను జల్లెడ పట్టి చూడండి. అదే రకం ప్లేయర్ మన రాత్రి పది, పదకొండుకి వేలానికొస్తే పోటీ రెట్టింపు. అమ్మేటప్పుడు దీనికి తలకిందులు: గడువు మన రాత్రి పదకొండు దగ్గర పడేట్టు లిస్ట్ చేయండి.

అరీనా విషయం. లీగ్‌లో సొంత మైదానంలో 11 మ్యాచులు వస్తాయి, మొత్తం 22లో సగం. 500 బ్లీచర్ సీట్లు (అన్నిటికన్నా చవకవి), టికెట్ 10 అనుకుంటే, నిండితే సీజన్‌కి 55,000. కట్టే ఖర్చును ఈ అంకెతో భాగించండి. ఎన్ని సీజన్లలో తిరిగొస్తుందో తేలుతుంది. ఇప్పుడున్న సీట్లు వరసగా మూడు హోం మ్యాచులకు నిండుతున్నాయా లేదా చూడండి. నిండుతుంటే కట్టాలి. నిండకపోతే ముందు టికెట్ ధర సర్దాలి. ఖాళీ కుర్చీలకు ఇంకా కుర్చీలు కలపడం దండగ.

---

నకిరేకల్ నైట్స్:

అక్కా, చాలా థ్యాంక్స్. హోం మ్యాచులకు బ్లీచర్లు మూడు సార్లు వరుసగ నిండినయి, లోయర్ టియర్ (బ్లీచర్లకన్న ఎక్కువ రేటు సీట్లు) నిండలే. అంటే బ్లీచర్లు మాత్రమే కట్టాలె, లోయర్ టియర్ రేటు కొంచెం దింపాలె అంతేనా?

ట్రైనింగ్‌ల ఏది ముందు ఏది తర్వాత అనేది కూడా చెప్పుండ్రి. నలుగురు గార్డులను పెడుతున్న. 206 సెంటీమీటర్లోని సంగతి ఇంకా తేల్చుకోలే. ట్రైనర్ ఇప్పుడు మూడో లెవెల్, మంచోణ్ణి తేవాల్నా?

---

గద్వాల గల్లాపెట్టె:

అంతే. లోయర్ టియర్ రేటు ఒక్కసారే పెద్దగా దింపకండి. 1-2 తగ్గించి, రెండు హోం మ్యాచులు చూసి మళ్లీ సర్దండి. గెలుపోటములు కూడా జనాన్ని మారుస్తాయి కాబట్టి ఒక్క మ్యాచ్ చూసి నిర్ణయించవద్దు.

ట్రైనర్ గురించి: స్టాఫ్ జీతం వారం వారం పెరుగుతూ పోతుంది. మంచి ట్రైనర్‌ని కొని మూడు సీజన్లు అలాగే ఉంచితే ఆఖర్లో ప్లేయర్ జీతమంత అవుతుంది. మీలాంటి టీంకి నాలుగో లెవెల్ చాలు. జీతం అంతకు మించి అయ్యిందనిపిస్తే తీసేసి, అదే లెవెల్‌లో తక్కువ జీతమున్న ఇంకొకరిని వేలంలో కొనుక్కోవాలి. డాక్టర్‌కి, పీఆర్ మేనేజర్‌కి ఇప్పుడు పైసలు పొయ్యకండి.

---

పాలమూరు పాయింట్‌గార్డ్:

ట్రైనింగ్ వరుస నా లెక్క ఇది. జీతం పెంచే స్కిల్స్ ఆఖర్న, పెంచనివి ముందర. గార్డుకి జీతాన్ని మీదికి లాగేవి జంప్ షాట్, ఔట్‌సైడ్ డిఫెన్స్. అందుకే మొదటి సీజన్ వన్ ఆన్ వన్ గార్డులు, ఎనిమిది తొమ్మిది వారాలు. హ్యాండ్లింగ్, డ్రైవింగ్ రెండు కలిసి ఎక్కుతయి కాబట్టి వారానికి వచ్చే ఫలితం ఎక్కువ, అది కూడా 18-19 ఏళ్లప్పుడు వేగంగ ఎక్కే కాలంల. మిగిలిన వారాలు పాసింగ్.

రెండో సీజన్ జంప్ రేంజ్ (దూరంకెల్లి కొట్టే షాట్) ఒక నాలుగైదు వారాలు, తర్వాత ప్రెషర్ మొదలు పెట్టు. ప్రెషర్ అంటే ఔట్‌సైడ్ డిఫెన్స్, నెమ్మదిగ ఎక్కుతది గాని ఈ ఆటల డిఫెన్స్ లేని గార్డు అమ్ముడే పోడు. దానిని రెండో సీజన్ ఆఖరి దాకా నడిపించు. మూడో సీజన్ జంప్ షాట్, మళ్ల ప్రెషర్. జంప్ షాట్ ముందుగాల ఎక్కిస్తే మ్యాచులు గెలుస్తవ్, నిజమే, గాని రెండో సీజన్ మొదట్లనే జీతం గుదిబండైతది.

గురి ఇట్ల పెట్టుకో. 18 ఏళ్లప్పుడు జంప్ షాట్ 7, రేంజ్ 5, ఔట్‌సైడ్ డిఫెన్స్ 6, హ్యాండ్లింగ్ 6, డ్రైవింగ్ 6, పాసింగ్ 5 తోని కొన్నవనుకో. మూడు సీజన్లు గడిచి 21 ఏళ్లకు జంప్ షాట్ 11, రేంజ్ 8, డిఫెన్స్ 11, హ్యాండ్లింగ్, డ్రైవింగ్ చెరి 9, పాసింగ్ 7. మొత్తం 20 మెట్లు, 42 వారాలల్ల. నిమిషాలు తప్పకపోతే అయ్యే పనే. మొదట్ల రెండు మూడు వారాలకొక మెట్టు కనపడుతది, ఆ తర్వాత ఆలస్యమైతది. ఒక స్కిల్ పైకి పోయినకొద్ది మెట్టు ఎత్తు పెరుగుతది. మిగిలిన స్కిల్స్ కింద ఉండి ఒక్కటే మీదుంటే ఇంక కష్టం, దగ్గరి స్కిల్స్ కలిసి ఎక్కితేనే వేగం నిలబడుతది.

స్టామినా, ఫ్రీ త్రో టీం ట్రైనింగులు. వాటికి సీజన్ల ఒకటో రెండో వారాలు, అదీ మ్యాచులు తక్కువున్న సీజన్ ఆఖరి వారంల. ప్లేఆఫ్స్ నుంచి బయటపడ్డ టీంకి ఆ వారం 48 నిమిషాలు దొరుకుడే కష్టం కాబట్టి అప్పుడు ఇవి పెట్టి ఆ వారం కడుపు నింపుకో.

బత్తాయి తోట పెట్టినోడు రెండో ఏడే కాయల కోసం చూడడు. మొదటి సీజన్ ఐదు, ఆరు ప్లేసుల మధ్య ఊగుతవ్, బుగులు పడకు. ఆరులకు జారుతున్నట్టనిపిస్తే ఒక రెండు వారాలు నిమిషాలు సీనియర్లకు ఇచ్చి ఐదుకి ఎక్కు. ఐదో ప్లేస్ అంటే ప్లేఆఫ్ లేదు, రిలిగేషన్ లేదు.

---

దేవరకొండ డబుల్‌టీం:

డిఫెన్స్ రెండో సీజన్ దాకా ఆపుడు నాకు నచ్చలే. ప్రెషర్ మొదటి సీజన్లనే మూడు నాలుగు వారాలు కలపాలె. 18 ఏళ్లప్పుడు ఎక్కినంత తొందరగ 20ల ఎక్కదు. ఔట్‌సైడ్ డిఫెన్స్ మొండి స్కిల్, మొండిది ముందుగాల పట్టాలె. ఒక మెట్టు ఎక్కితే జీతం ఎంత పెరుగుతదో చూస్కో, నీకు 2,000 పెరిగినా నష్టం లేదు.

ఇంకో సంగతి ఎవ్వరూ ముట్టలే. మూడు సీజన్లకు తయారయ్యే టీం ఎట్ల ఆడుతదో ఇప్పుడే అనుకోవాలె. నలుగురు గార్డులు పెరుగుతరు కాబట్టి అందరూ మోషన్, రన్ అండ్ గన్ అని బయటి ఆటకే పోతరు. ప్రతి వారం అదే పెడితే అవతలోళ్లు గేమ్ ప్రిపరేషన్‌ల నీ ఫోకస్ బయట అని, పేస్ ఇది అని సరిగ్గ ఊహించి లాభం పొందుతరు. బయటి షాట్లను ఆపే 3-2 జోన్ డిఫెన్స్ పెట్టి కూసుంటరు. అందుకే ఒక లోపటి మనిషి ఉండాలె, లుక్ ఇన్‌సైడ్ పెట్టినా పాయింట్లు వచ్చేట్టు. ఆ 206 సెంటీమీటర్లోణ్ణి ఉంచుమనేది అందుకే. ఆయనకు ట్రైనింగ్ ఇయ్యకున్నా సరే, నడుమ ఫ్రెండ్లీలల్ల సెంటర్‌ల ఆడించు, షేప్ నిలబడుతది. జీతం తక్కువనే కదా. మూడో సీజన్ల గార్డులు తయారైనంక ట్రైనింగ్ ఆయన మీదికి తిప్పు, అప్పటికి 20 ఏళ్లు. లేట్ అయ్యినా పెరెనియల్ కాబట్టి గోడ దూరమే.

ఎంథూసియాజం (టీం ఉత్సాహం) గురించి రెండు ముక్కలు. కింది టీంలతోని టేక్ ఇట్ ఈజీ (తక్కువ జోరు) పెట్టు, అది ఎక్కుతది. క్రంచ్ టైం (పూర్తి జోరు) పెడితే పడుతది. క్రంచ్ టైం రెగ్యులర్ సీజన్ల ఖర్చు పెట్టినోళ్లు ప్లేఆఫ్స్‌ల మొదటి రౌండ్లనే ఇంటికొస్తరు. నీ సంగతి అదే అని నా అనుమానం.

---

పాలమూరు పాయింట్‌గార్డ్:

డిఫెన్స్ కొంచెం ముందు కలుపుమంటే సరే. మొదటి సీజన్ 14 వారాలల్ల వన్ ఆన్ వన్ 8, ప్రెషర్ 4, ఆఖరి రెండు పాసింగ్, స్టామినా. పొడుగోణ్ణి ఉంచుకుంటే ఉంచుకో, ఆయన కోసం గార్డుల నిమిషాలు మాత్రం కొయ్యకు.

---

నకిరేకల్ నైట్స్:

సెంటర్‌ను లిస్ట్ చేసిన, గడువు రేపు రాత్రి 11:10. 198 సెంటీమీటర్లోణ్ణి కూడా పెట్టిన. పొద్దుగాల 7:30కి గడువున్న 187 సెంటీమీటర్ల గార్డు ఒకడు, 18 ఏళ్లు, ఆల్‌స్టార్, ఔట్‌సైడ్ డిఫెన్స్ 7, హ్యాండ్లింగ్ 6. 70,000 దాకా పాడుదామనుకుంటున్న. ఇంకో ఇద్దరి కోసం చూస్తున్న.

అప్పటిదాకా ఈ వారం మన ఒక్క పోరనికే ప్రెషర్ సింగిల్ పొజిషన్, పాయింట్ గార్డ్ పెట్టిన. శనివారం లైనప్ ఇది, ఎవరన్నా చూసి చెప్పుండ్రి: పీజీ (పాయింట్ గార్డ్) 31 ఏళ్లాయన, ఎస్‌జీ (షూటింగ్ గార్డ్) 19 ఏళ్లోడు, ఎస్‌ఎఫ్ (స్మాల్ ఫార్వర్డ్) 26 ఏళ్లాయన, పీఎఫ్ (పవర్ ఫార్వర్డ్) పాతాయనే, సీ (సెంటర్) 206 సెంటీమీటర్లోడు. డెప్త్ చార్ట్ కచ్చితంగ అని పెట్టిన. ఎస్‌జీకి బ్యాకప్ లేడు.

---

పాలమూరు పాయింట్‌గార్డ్:

ప్రెషర్ పీజీకి పెట్టి పోరణ్ణి ఎస్‌జీల ఆడిస్తున్నవ్. మళ్ల ఆ 48 నిమిషాలు 31 ఏళ్లాయనకే పోతయి. ఇద్దరినీ మార్చు, పోరడు పీజీ, పెద్దాయన ఎస్‌జీ. శనివారం మ్యాచ్ మొదలయ్యే లోపల సేవ్ కొట్టు.

---

గద్వాల గల్లాపెట్టె:

70,000 పర్వాలేదు, డిఫెన్స్ 7తో 18 ఏళ్లవాడు అంటే ప్రెషర్ వారాలు కొన్ని మిగులుతాయి. కానీ ఆ పోరగాడి జీతం ఎంతో రాయలేదు. 5,000 దాటితే వదిలేయండి, రెండు రోజుల్లో ఇంకొకడు వస్తాడు.